కడగని సీసా

"...చప్పగా ఉన్నాయంటే కడిగావనేగా అర్థం!"

"కడగలేదండీ బాబూ, ఊరికే అలా తొలిపానంతే."

"తొలపడానికీ కడగడానికీ తేడా ఏమిటో వెళ్ళి ఆ మేడమ్‌కి చెప్పు. నాకెందుకు?"

"మీరు చిటికెడే వేసుంటారు. ఆ పిసినారి చేత్తో వేస్తే ఉప్పు తెలుస్తుందా ఎక్కడైనా?"

"చెంచాడు వేశాను! నా చెయ్యి పిసినారిదైతే మరి నీ చెయ్యేమిటి? సీసా కనిపిస్తే చాలు, నీళ్ళ దగ్గరికి పరిగెడుతుంది."

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు లేచింది. "కూరలో ఉప్పు తక్కువైతే కాస్త వేసుకుని తినరా! దానికింత రాద్ధాంతమా? పొద్దుణ్ణుంచీ డ్యూటీ చేసి వచ్చింది పిల్ల."

"కూర కాదమ్మా, సీసా!"

"సీసాలో కూరేమిట్రా, నీ మొహం!"

ఆ మాటకి వంటింట్లో మొగుడూ పెళ్ళాలిద్దరికీ నవ్వొచ్చి, పోట్లాట సగంలో ఆగింది. గట్టు మీద ఖాళీ పళ్ళరసం సీసాలు వరసగా ఉన్నాయి. ఈ ఆట కనిపెట్టింది ఆమె భర్తే. ఆయన దర్జీ. సాయంత్రం కొట్టు కట్టేసి రాగానే ఒక సీసా అడుగున ఉప్పు వేసి, మూత పెట్టి ఆమె చేతికిస్తాడు. ఆమె మూత తీసి, తొలపకుండా, కుళాయి నీళ్ళు నేరుగా నింపి తిరిగివ్వాలి. ఆయన నోట్లో పోసుకుని చూస్తాడు. ఉప్పగా తగిలితే పాసు, చప్పగా తగిలితే ఫెయిలు. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు కాబట్టి మింగకుండా పుక్కిలించి ఉమ్మేస్తాడు. డాక్టరు మాటా దాటినట్టుండదు, పెళ్ళానికి పాఠమూ చెప్పినట్టుంటుంది. ఇన్నాళ్ళుగా ఆడుతున్నా సగం సార్లు చప్పటి నీళ్ళే ఆయన నోటికి తగులుతున్నాయి. బుర్ర ఒప్పుకున్నా చేతులు ఒప్పుకోవడం లేదు.

ఊరికి నీళ్ళు శుద్ధి చేసి పంపే ప్లాంటులో ఆమె షిఫ్టు ఆపరేటరు. ప్లాంటులో అందరూ ఆమెని సీసాలక్క అంటారు. షిఫ్టు చూసే ప్రతివాళ్ళకీ ఇకమీదట సర్టిఫికెట్ ఉండి తీరాలని కొత్తగా నిబంధన వచ్చింది. చదువు తక్కువైనవాళ్ళకి అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కానీ రాత పరీక్ష, నోటి పరీక్ష, చేతి పరీక్ష మూడూ గట్టెక్కాల్సిందే. రాత పరీక్షంటే ఆమెకి జ్వరం వచ్చినంత పనైంది. ఇన్ని నీళ్ళకి ఎంత పటిక, ఎంత క్లోరిన్ అన్న లెక్కలు భర్త కొట్టులో, కొలతల టేపు పక్కన కూర్చుని నేర్చుకుంది. గట్టెక్కింది. నోటి పరీక్షలో తడుముకోలేదు. చివరికి, ఏ చేతుల మీద ఆమెకి దిగుల్లేదో ఆ చేతులే చేతి పరీక్షలో ముంచాయి.

ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే ఏడాది ఆగాలి. ఆ ఏడాదంతా షిఫ్టు గదిలో చోటుండదు. ల్యాబ్ వెనక ఉన్న సింకు దగ్గరే పని. ఆమె ఉద్యోగం మొదలైంది ఆ సింకు దగ్గరే. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అక్కడికే వెళ్ళి నిలబడటమంటే, ఎక్కిన మెట్లన్నీ అందరూ చూస్తుండగా దిగినట్టే.

రెండోసారి పరీక్షకి ఎక్కడ కూర్చునేదీ రేపు ఆఫీసులో చెప్పాలి. తమ ప్లాంటులోనే అంటే మొదటిసారి ఫెయిలు చేసిన కెమిస్ట్ మేడమే మళ్ళీ పరీక్ష పెడుతుంది. లేదంటే ఏటి అవతలి ప్లాంటుకి వెళ్ళొచ్చు. అక్కడైతే తాను మాట సాయం చేస్తానని పెద్దసారు కబురు పంపాడు.

"అంతటాయన తనంతట తాను చేస్తానంటుంటే, వెళ్ళి సరేనని రాక, నాచేత ఈ ఉప్పునీళ్ళు తాగిస్తావేం?" అన్నాడు దర్జీ, ఇంకో సీసాలో ఉప్పు వేస్తూ.

"రేపు పొద్దున వెళ్దాం. మీరూ రండి," అంది ఆమె. సీసా అందుకుంది. ఈసారి నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి.

పెద్దసారు మాట వస్తే ఆమె గొంతు తగ్గుతుంది. ఇప్పుడు రిటైరయ్యాడు గానీ, ఆమె ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆయన షిఫ్టు ఇన్‌చార్జి. ఆమె ల్యాబ్‌లో గాజు సామాను కడిగే మనిషి. సీసాలక్క అన్న పేరు అక్కడ పుట్టిందే. ఆమె కడిగిన గాజు గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూస్తే, గ్లాసు ఉందో లేదో తెలియనట్టుండేది. ఒక వానాకాలం ఏరు ఎర్రగా పొంగి, ప్లాంటుకి వచ్చే నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. పెద్దసారు బల్ల మీద గాజు గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో పాళ్ళు పటిక కలిపి, ఏ పాళ్ళకి మురికి బాగా కిందికి దిగుతుందోనని వంగి చూస్తున్నాడు. ఆమె తడిచేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ అటుగా వెళ్తూ ఆగింది.

"ఏమమ్మాయ్, ఏది బాగుంది?" అన్నాడాయన, సరదాకి.

ఆమె ఒక గ్లాసు చూపించింది.

"ఎందుకట?"

"మిగతా వాటిలో మురికి ఇంకా పైనే తిరుగుతోందండీ. ఇందులో ముద్దకట్టి దిగిపోతోంది."

పెద్దసారు ఆమెని అక్కడే నిలబెట్టి, అన్ని గ్లాసులూ తేరుకునేదాకా చూపించాడు. మర్నాటినుంచి, సింకు పని అయ్యాక, షిఫ్టు గదిలోకి పిలిచి పని చెప్పడం మొదలుపెట్టాడు. పంపుల మోతలో తేడా ఎలా వినాలో, ఫిల్టరు బెడ్డు ఎప్పుడు కడగాలో, క్లోరిన్ గదిలోకి వెళ్ళే ముందు తలుపు దగ్గర ఎందుకు ఆగాలో, అన్నీ. "సీసాలు కడిగే మనిషి చేతికి క్లోరిన్ గది తాళాలా?" అని గొణిగినవాళ్ళతో, "అంత శుభ్రమైన చేతులు మీలో ఎవరికైనా ఉంటే చూపించండి, తాళాలు వాళ్ళకే ఇస్తాను," అన్నాడు. ఎవరూ చూపించలేదు.

ఆయన చెప్పిన మొదటి పాఠం ఆమెకి ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "ఏ సీసా అయినా సరే, పట్టబోయే నీళ్ళతోనే మూడుసార్లు తొలిపి, అప్పుడు నింపు. నిన్నటి నీళ్ళ వాసన ఇవాళ్టి నీళ్ళకి అంటకూడదు." ఆ మాట ఆమె చేతుల్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో పాలగిన్నె దగ్గర్నుంచి అత్తగారి మందుల గ్లాసు దాకా ఏదీ ఆమె చేతికి వచ్చాక మూడుసార్లు తొలపకుండా నిండేది కాదు.

ఆయన నేర్పిన పనితోనే ఆమె షిఫ్టు ఆపరేటరైంది. షిఫ్టులు వారం వారం మారేవి. ఆమె షిఫ్టుని బట్టి దర్జీ కొట్టు తెరిచే వేళ మార్చుకున్నాడు, వంట నేర్చుకున్నాడు. ఆయన చేసిన మొదటి కూర తిని అత్తగారు, "ఇది కుట్టావా, వండావా?" అని అడిగింది. ఆ నవ్వులోనే ఇల్లు సర్దుకుంది. తనకి ఇన్ని కలిసొచ్చాయి కదా అని ఆమె అప్పుడప్పుడూ తనలో తానే ఆశ్చర్యపోతుంది.

చేతి పరీక్ష ఫిల్టర్ హౌస్ చివరి కుళాయి దగ్గర జరిగింది. నీళ్ళల్లో క్రిములున్నాయేమో చూడటానికి నమూనా పట్టి చూపించాలి. అంతకుముందు ఆ నమూనాలు ల్యాబ్ వాళ్ళే పట్టుకునేవారు. కాగితం చుట్టి ఉడకబెట్టిన సీసాలు వాళ్ళే తెచ్చుకుని, వాళ్ళే నింపుకుని పోయేవారు. ఆపరేటర్ల సీసాలు వేరు, అవి రంగూ క్లోరినూ చూసుకోవడానికి. కొత్త నిబంధన ప్రకారం ఇది కూడా షిఫ్టు చూసేవాళ్ళకి వచ్చి ఉండాలి.

కెమిస్ట్ మేడమ్ గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చుంది. వయసులో చిన్నదే కానీ ఆమె నవ్వగా ప్లాంటులో చూసినవాళ్ళు లేరు. "మనిషి కాదక్కా, ఫ్రిజ్జు. తలుపు తీస్తే లైటు వెలుగుతుందేమో గానీ మొహం వెలగదు," అన్నాడు రేడియో. రేడియో అంటే అక్క దగ్గరే పని నేర్చుకున్న ఆపరేటరు. నోరు మూయడు కాబట్టి ఆ పేరు.

సీసాలక్క కుళాయి మూతి తుడిచింది. మంట చూపించింది. నీళ్ళు కాసేపు వదిలింది. కాగితం విప్పి, మూత లోపలివైపు వేలు తగలకుండా వేళ్ళ మధ్య ఇరికించుకుంది. అంతవరకూ ఎవరూ వంక పెట్టలేని పని. ఆ తర్వాత చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. నీళ్ళు పట్టి, తిప్పి, పారబోసి, మళ్ళీ పట్టి, పారబోసి, మళ్ళీ పట్టి, అప్పుడు నింపి, మూత బిగించి బల్ల మీద పెట్టింది.

మేడమ్ పెన్ను మూత పెట్టింది. "అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది మేడమ్. చూడండి, ఒక్క మరక లేదు."

మేడమ్ కాగితాలు సర్దుకుని లేచింది.

ఫలితం తెలిసిన రోజు ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "కడగలేదని ఫెయిలు చేసేవాళ్ళని చూశాం గానీ, కడిగిందని ఫెయిలు చేయడం ఏమిటి?" అని ఇంటికి వచ్చినవాళ్ళందరినీ అడిగింది. అత్తగారైతే, "ఆ పిల్లకి పెళ్ళయిందా? అయ్యాక తెలుస్తుందిలే గిన్నెలు కడగడమంటే ఏమిటో," అని తీర్పు చెప్పేసింది.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆమె ఒంటరిగా షిఫ్టు చూడకూడదు. రేడియో పాసయ్యాడు కాబట్టి అతని కింద పనిచేయాలి. ఆ మొదటిరోజు ఆమె షిఫ్టు గది గుమ్మం దగ్గరే ఆగింది. లోపల రేడియో కుర్చీలో కూర్చోకుండా దాని పక్కన నిలబడి ఉన్నాడు.

"కూర్చోరా తమ్ముడూ. ఇప్పుడు నువ్వే కదా పెద్దవాడివి."

"నా నడుం పట్టేసిందక్కా. డాక్టరు కూర్చోవద్దన్నాడు. నువ్వు కూర్చో."

ఆ ప్లాంటులో ఒక అలవాటుంది. షిఫ్టు దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళ ఎదుట, ఊరికి వెళ్ళే నీళ్ళే ఒక గ్లాసు పట్టుకుని తాగాలి. నేను తాగలేని నీళ్ళు ఊరికి పంపలేదని చెప్పడం అన్నమాట. సంతకం పెట్టేవాడే గ్లాసూ తాగాలి. ఆ సాయంత్రం రేడియో సంతకం పెట్టి, గ్లాసు నింపి, ఆమె చేతికిచ్చాడు. "నాకు జలుబక్కా. నువ్వు తాగు." మర్నాడు కూడా జలుబే. ఆ తర్వాత ఒక్కరోజూ అతని జలుబు తగ్గలేదు. తుమ్మగా మాత్రం ఎవరూ వినలేదు. ఇంటికి వెళ్తూ దారిలో ఆ జలుబు గుర్తొచ్చి ఆమె కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు మేడమ్ ల్యాబ్‌లోకి రమ్మని కబురు పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళ దగ్గర తానన్న మాటలు ఆమె చెవిన పడ్డాయేమోనని సీసాలక్క జంకుతూనే బయల్దేరింది. వెళ్ళేసరికి మేడమ్ కోటు చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గర నిలబడి ఉంది. బల్ల మీద కాగితం చుట్టిన సీసాలు రెండున్నాయి.

"ఒకటి మీ పద్ధతిలో పట్టండి. ఇంకోటి తొలపకుండా పట్టండి."

రెండిట్లోనూ అదే కుళాయి నీళ్ళు. ఒకే రంగు, అంటే ఏ రంగూ లేదు. మేడమ్ రెండిట్లోనూ ఒక్కో బిళ్ళ వేసింది. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి మారే బిళ్ళ. అది సీసాలక్క రోజూ వాడేదే. తొలిపిన సీసా గులాబీ రంగుకి తిరిగింది. తొలపని సీసా తేటగా అలాగే ఉండిపోయింది.

సీసాలక్క వంగి చూసింది. కుళాయి వైపు చూసింది. మళ్ళీ సీసాలు చూసింది. "ఇందులో క్లోరిన్ ఏమైంది?"

"సీసా అడుగున మందు వేసి ఎండబెట్టి ఉంచుతామక్కా, కంటికి కనపడదు. క్లోరిన్‌ని అక్కడికక్కడే ఆపేస్తుంది. మీరు తొలిపేసరికి ఆ మందు కొట్టుకుపోయింది. ఇక సీసాలో కూడా క్లోరిన్ దాని పని అది చేస్తూనే ఉంటుంది. పైపులో క్రిమి ఉన్నా, సీసా నా దగ్గరికి వచ్చేసరికి అది చచ్చిపోయి ఉంటుంది. నేను చూసి, నీళ్ళు బాగున్నాయని రాస్తాను. ఊరు తాగుతుంది."

సీసాలక్క గులాబీ రంగు సీసాని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టుకుంది. అద్దంలా ఉంది. తాను కడిగినట్టే ఉంది.

"నేను శుభ్రంగా ఉండాలని..."

"శుభ్రంగానే ఉంది. అబద్ధం చెబుతోంది, అంతే."

మేడమ్ సీసాలు పారబోసింది. తర్వాత ఇటు తిరక్కుండానే అంది. "ఇది మీకు ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, అది మీ తప్పు కాదు. కానీ మార్కులు వేయలేను కదా. మీరు తొలుపుతుంటే ఆపమని చెబుదామని నాలిక చివరిదాకా వచ్చింది. పరీక్షలో చెప్పకూడదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు."

సీసాలక్క ఆ ఖాళీ సీసాలు అందుకుని బోర్లించింది. ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు గ్లాసుడు నీళ్ళు తాగి, "ఇవాళ చల్లగా ఉన్నాయే," అంటోంది. ఆ గ్లాసు వైపు ఆమె చాలాసేపు చూసింది. ఆ సాయంత్రమే భర్తతో మేడమ్ మాటలన్నీ చెప్పింది. ఆయన అంతా విని, లేచి, ఖాళీ సీసాల కోసం వంటిల్లంతా వెతికాడు. ఉప్పు ఆట మొదలైంది అలాగే.

పొద్దున్నే ఇద్దరూ పెద్దసారింటికి వెళ్ళారు. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. వాళ్ళని చూడగానే మొహం చేటంతైంది. జబ్బు మంచంలోంచి లేచి ఎన్నో రోజులు కాలేదు, మనిషి చిక్కిపోయాడు.

"రా అమ్మాయ్. ముందు నాకో గ్లాసు నీళ్ళు పట్రా. వంటింట్లో ఆ మిషనులోవి కాదు, పంపు నీళ్ళు. కోడలు చూడకుండా."

"మిషనేమిటి సార్?"

"నీళ్ళు శుభ్రం చేసే మిషనట. కొనిపెట్టింది. ఊరందరికీ నీళ్ళు తాగించినవాణ్ణి, నా ఇంట్లో నేను దొంగతనంగా తాగాల్సి వస్తోంది." దర్జీ గట్టిగా నవ్వబోయి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె గ్లాసు తెచ్చింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "క్లోరిన్ ఓ రవ్వ ఎక్కువైంది. ఎవరిది షిఫ్టు?"

"రేడియోది. నేనివాళ సెలవు పెట్టా సార్."

"మాటల్లో పడి మరిచిపోయుంటాడు." తృప్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వు ఫెయిలయ్యావని వింటే నాకు నిద్ర పట్టలేదు. నీ చేతి పని నాకు తెలియదా? ఎక్కడ తప్పింది?"

దర్జీ చటుక్కున ముందుకి వంగాడు. "అదేనండీ, సీసా తొలపమని మీరే..."

ఆమె భర్త కాలు తొక్కింది. ఆయన కెవ్వున అరిచి, "దోమ," అన్నాడు.

"చెయ్యి తొందరపడింది సార్," అంది ఆమె.

పెద్దసారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సరే. జరిగిందేదో జరిగింది. అవతలి ప్లాంటులో ఆ సీసాల గోల లేదు. నోటితో చెప్పిస్తే సరిపెడతారు. అక్కడ పరీక్ష పెట్టేవాడు కూడా నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నేనొక మాట చెబితే తీసేయడు. ఇక్కడే కూర్చుని మళ్ళీ చెయ్యి తొందరపడిందనుకో, ఏడాదిపాటు ఆ సింకే. నిన్ను ఆ సింకు దగ్గర్నుంచి ఇవతలికి తెచ్చింది నేను. మళ్ళీ అక్కడ నిలబడటం నేను చూడలేనమ్మాయ్."

ఆమె కళ్ళు నిండాయి. "మీరు పిలవకపోతే నేను ఆ సింకు దాటేదాన్నే కాదు సార్. అది నేను పోయేదాకా మరిచిపోను."

"అవన్నీ ఎందుకిప్పుడు? ఇంకో గ్లాసు పట్రా, ఈలోగా వాడితో మాట్లాడతాను." ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పైకి జరుపుకుని, నంబరు వెతకసాగాడు. దర్జీ మొహంలో కళ కనిపించింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. గ్లాసులో నీళ్ళు పట్టి, తిప్పి, పారబోసింది. మళ్ళీ పట్టింది. పారబోయబోతూ ఆగి, తన చేతిని చూసుకుంది. వరండాలోంచి పెద్దసారు గొంతు వినిపిస్తోంది, "ఒరేయ్, ఈ అక్షరాలు ఇంత చిన్నవేమిట్రా," అని దర్జీకి ఫోను చూపిస్తూ. ఆమె గ్లాసు నింపి, కుళాయి కట్టేసి, నెమ్మదిగా ఇవతలికి వచ్చింది.

గ్లాసు ఆయన పక్కన పెట్టింది.

"ఫోను చేయకండి సార్. నోటితో చెప్పేస్తే ఈ చెయ్యి మారదు. నేను ఇక్కడే, మా మేడమ్ ముందే కూర్చుంటాను పరీక్షకి."